లేదని రాసే ముందు

2025 జూన్ 9, సోమవారం. ఉదయం 192/114, సాయంత్రం 188/110

రోజుకు రెండుసార్లు బీపీ చూసి పుస్తకంలో రాయమని తిరుపతి డాక్టరమ్మ చెప్పింది. మిషను గిరి కొన్నాడు. పుస్తకం కోడలిది, అంగన్‌వాడీలో మిగిలిపోయిన హాజరు పట్టీ. రాత కూడా కోడలిదే, నాకు అక్షరం రాదు. ఇంత పెద్ద పుస్తకంలో రోజుకు రెండు అంకెలు వేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. నా మాట కూడా రాయమన్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. నాకు నేను చెప్పుకునేది ఒకచోట పడి ఉంటుందని.

ప్రసన్నకుమారి షరతు పెట్టింది.

"అత్తా, నువ్వు జెప్పింది జెప్పినట్టు రాస్తే రేపు నాకే అర్థం గాదు. బడి తెలుగులో పెడతా."

"మనుషులు మాట్లాడుకునింది మాత్రం మాట్లాడినట్టే రాయి. నిన్ను తిట్టినా రాయి."

"రాస్తా లే. అదేమన్నా నాకు కొత్తా?"

నా కేసు ఇది. మా పల్లె నుంచి బొందలగడ్డకు పోయే దారి మునికృష్ణ మామిడి తోపు మధ్యలో పోతుంది. వాళ్ల నాయన నాటించిన తోపు. అప్పటి నుంచీ మా పీనుగులన్నీ ఆ దారినే పోయాయి. మొన్న ఈస్టరుకు ముందురోజు గోరీలకు సున్నం కొట్టడానికి పోతే దారికి అడ్డంగా జేసీబీ కందకం తవ్వుతోంది. కంచె వేస్తారట. నేను జేసీబీ తాళం పీకి తోపులోకి విసిరాను. చెయ్యి పట్టి లాగిన సూపర్‌వైజర్ చెంప మీద కొట్టాను. పోయి జేసీబీ బకెట్‌లో కూర్చున్నాను. ఎండలో మూడు గంటలు కూర్చున్నాను. ఆ తర్వాత నాకు తెలియదు. కళ్లు తెరిస్తే 108 బండిలో ఉన్నాను. బీపీ 220 అట.

కందకం సగంలో ఆగింది. మునికృష్ణ నా మీద కేసు పెట్టాడు. చిత్తూరు కోర్టు. నా పెనిమిటి సుబ్బన్న పదకొండేళ్లుగా ఆ కందకానికి అవతల పడుకొని ఉన్నాడు. నా మాట ఏనాడూ కాదనని మనిషి.

జూన్ 10. 194/112

నిన్నటి లాగే.

జూన్ 11. 190/112

తలనొప్పి. ఉప్పు లేని పప్పు. దీన్ని వండిన చేతులకు... రాయొద్దు. రాసేశావా?

జూన్ 13, శుక్రవారం. 196/114

నా కొడుకు గిరి మునికృష్ణ పల్ప్ ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పని చేస్తాడు. సీజను కదా, ఒళ్లంతా మామిడి వాసనతో వస్తాడు. ఈ రోజు ఓనరు తన గదికి పిలిపించాడట.

"ఏమన్న్యాడు?"

"మంచిగానే మాట్లాడినాడు మా. 'మీ అమ్మకు బీపీ గదప్పా. బీపీ మనిషి మీద నేను కోపం పెట్టుకుంటానా' అన్న్యాడు."

"దారి సంగతి?"

"బీపీ తగ్గితే అదే సర్దుకుంటాది అన్న్యాడు."

ఈ మాట నాకు ముప్పై ఏళ్ల నుంచీ తెలుసు. బంగారుపాళ్యంలో ఉచిత క్యాంపు పెట్టి నాకు బీపీ ఉందని చెప్పేవరకూ నన్ను గయ్యాళి అనేవాళ్లు. ఆ తర్వాత బీపీ మనిషి అన్నారు. గయ్యాళి అన్నప్పుడు కనీసం నేను ఏమన్నానో విని తిట్టేవాళ్లు. బీపీ అన్నాక వినడమే మానేశారు. బియ్యం తూకం తగ్గిందని స్టోరు దగ్గర అరిస్తే డీలరు "మాత్ర ఏసుకోలేదా అవ్వా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తూకం తక్కువగానే ఉండిపోయింది. నా వెనక నిలబడి నవ్విన వరలక్ష్మమ్మకు కూడా తక్కువే తూచాడు.

జూన్ 18, బుధవారం. తిరుపతిలో 198/118

నాలుగు రకాల మాత్రలకూ తగ్గని బీపీ ఎందుకని డాక్టరమ్మ శ్రీసుధ రెండు నెలలుగా వెతుకుతోంది. రక్తం తీసింది, గుండ్రటి మిషనులో దూర్చింది. ఈ రోజు చెప్పింది.

"అవ్వా, మీ తోపుల్లో మోటార్లకు స్టార్టర్ ఉంటాది గదా? తొట్టిలో నీళ్లు తగ్గితే ఏస్తుంది, నిండితే ఆపుతుంది."

"మా తోపులు గాదు. మేము కూలోళ్లం. చెప్పు."

"కిడ్నీలో అట్లాంటి కణాలే ఉంటాయి. రక్తం ఒత్తిడి తగ్గితే రెనిన్ అని ఒక హార్మోన్ వదుల్తాయి. పెరగ్గానే ఆపేస్తాయి. నీకు ఆ కణాలే గుంపు కట్టి గడ్డ అయినాయి. ఆపడం మరిచిపోయినాయి. రాత్రీ పగలూ మోటారు వేసే ఉంది."

కుడి కిడ్నీలో, ఉసిరికాయంత. చాలా అరుదట. మామూలుగా చిన్న వయసు వాళ్లలో కనబడుతుందట. నాలో ఎన్నేళ్ల నుంచి దాక్కొని ఉందో ఆవిడకూ తెలియదు. నా ఒంట్లో పొటాషియం అనేదాన్ని కూడా ఆ హార్మోనే తోడేస్తోందట. కాళ్లు చచ్చుబడడం అందుకేనట. గడ్డ వరకే కోసి తీస్తే కిడ్నీ మిగులుతుంది, బీపీ దిగుతుంది.

గిరి ముందుకు వంగాడు. "అయితే డాక్టరమ్మా, మాయమ్మ కోపమంతా ఆ గడ్డదేనా?"

"అట్ల చెప్పలేమప్పా. బీపీ వేరు, కోపం..." ఆవిడ మొదలుపెట్టింది. ఇంతలో వార్డు నుంచి పిలుపొచ్చి లేచి పోయింది. గిరి తనకు కావలసినంత వినేశాడు.

బస్సులో చంద్రగిరి దాటక ముందే ముగ్గురికి ఫోను చేశాడు. "గడ్డంటన్నా. అదీ సంగతి. పాపం, మాయమ్మ తప్పేం లేదు." మూడుసార్లూ పాపం అన్నాడు. నా ముప్పై ఏళ్ల మాటలు తీసి ఒక ఉసిరికాయకు రాసిచ్చేశాడు నా కడుపున పుట్టినవాడు. బస్సు ఆపమని అరిచాను. కండక్టరు తిరిగి చూస్తే గిరి చెయ్యి ఊపి "ఏమీ లేదన్నా, బీపీ" అన్నాడు.

జూన్ 19. 200/116

తీయించుకోను.

జూన్ 20. 196/116

తీయించుకోను. గిరి అన్నం తినకుండా డ్యూటీకి పోయాడు. తినకపోతే వాడికే ఆకలి.

జూన్ 22, ఆదివారం. 202/118

ప్రార్థనకు పోతూ వాకిట్లో పడ్డాను. కాలు జారింది, అంతే. గడప తడిగా ఉంది.

(గడప తడిగా లేదు. అత్తకు చదవడం రాదు గనక రాస్తున్నాను. కాళ్లు రెండూ మడతపడిపోయాయి. అరగంట లేవలేకపోయింది. - ప్రసన్న)

జూన్ 27, శుక్రవారం. 198/114

మా తరపు లాయరు ఆదిమూలం ఇంటికొచ్చాడు. మంచివాడే. పిలవకుండా ఇంటికొచ్చే లాయరును నేను ఎక్కడా చూడలేదు. రాజీ కాగితం తెచ్చాడు. మునికృష్ణ వైపు వాళ్లు రాసిచ్చారట. వేలిముద్ర వేస్తే ఒక్క వాయిదాలో కేసు పోతుందట.

"సదువప్పా," అన్నాను.

"తేది 19-4-2025న నేను తీవ్ర అనారోగ్యము వలన మతిస్థిమితము లేని స్థితిలో, లేని దారి నిమిత్తము, ఫిర్యాది వారి పనికి ఆటంకము కలిగించితిని..."

"ఇంగోసారి సదువు."

చదివాడు.

"లేని దారి అంటే?"

"అదొక మాటమ్మా. రాతలో అట్ల వస్తాది."

"రాతలో వచ్చేది రాసినోడి చేతిలో నుంచే గదప్పా వస్తాది. ఊరికే యాడ నుంచి వస్తాది?"

ఆదిమూలం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అడంగల్ అనే రెవెన్యూ పుస్తకంలో దారి లేదన్నాడు. మ్యాపులో గీత లేదన్నాడు. తాళం పీకింది, చెంప మీద కొట్టింది పదిమంది చూశారన్నాడు. "గడ్డ రిపోర్టు రానీమ్మా. దానికి జత చేసేద్దాం. జడ్జిగారు గూడా అయ్యో అంటారు."

"సంతకం పెట్టు మా," అన్నాడు గిరి. "నీ మంచికే గదా. చేసింది నువ్వు గాదని ఆళ్లే ఒప్పుకుంటాండారు."

"చేసింది నేనే."

"సరే, నువ్వే. గానీ అప్పుడు నువ్వు నువ్వు గాదు గదా!"

వేలు పిడికిట్లో మడిచి పెట్టుకున్నాను. వాళ్లు పెట్టిన తిరకాసు నాకు అప్పుడే అర్థమైంది. ఆపరేషన్ చేయించుకుంటే రిపోర్టు వస్తుంది. రిపోర్టు వస్తే దారి పోతుంది. చేయించుకోకపోతే నేను పోతాను.

వాళ్లిద్దరూ బయటికి పోయాక ప్రసన్న బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా, అంది.

"పెట్టుకో అత్తా గడ్డను. పెట్టుకొని సచ్చిపో. గానీ నిన్ను మొయ్యాల్సింది మేము. పెట్టెతో కందకం ఎట్ల దూకేది? అదొక్కటి చెప్పి సావు."

కోడళ్లు అత్తలతో మాట్లాడే మాట కాదు. రాసుకోమన్నాను. రాసింది.

ఆపరేషన్‌కు తేదీ అడగమన్నాను.

జూలై 8, మంగళవారం. తిరుపతి. 194/110

రేపు ఉదయం. వేలిముద్ర అడిగారు. ఇది ఏం కాగితమని అడిగితే ఆపరేషన్‌కు అంగీకార పత్రమన్నారు. రెండుసార్లు చదివించుకున్నాను. అందులో లేనిది ఏదీ లేదు. వేశాను.

జూలై 9

(ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. గడ్డ ఒక్కటే తీశారు, కిడ్నీ ఉంది. అత్త బాగుంది. గిరి ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చాడు, అత్తకు చెప్పొద్దన్నాడు. - ప్రసన్న)

జూలై 12, శనివారం. 128/80

మిషను చెడిపోయింది.

జూలై 13. 126/78

పక్క మంచం ఆవిడకు పెట్టి చూడమన్నాను. ఆవిడకు 150 వచ్చింది. మళ్లీ నాకు పెట్టారు. 126. మిషను చెడిపోలేదు.

జూలై 15, మంగళవారం. 124/80

ఈ రోజు ఆయా సాంబారు నా దుప్పటి మీద ఒలకబోసింది. నేను "పరవాలేదు లేమ్మా" అన్నాను.

గిరి, ప్రసన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిరి నవ్వాడు. వాడు అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో. వాడు బయటికి పోయాక గోడ వైపు తిరిగి పడుకున్నాను. లోపల వెతికాను. మునికృష్ణ మొహం తలచుకున్నాను. జేసీబీని తలచుకున్నాను. రేషను డీలరును కూడా తలచుకున్నాను. ఏమీ రాలేదు. తోడేసిన బావి లాగా ఉంది.

వాళ్లు చెప్పిందే నిజమైతే? ఇది రాయొద్దన్నాను. రాసేసి ఉంటే కొట్టేయమన్నాను. కొట్టేశానంది.

(కొట్టేయలేదు. - ప్రసన్న)

జూలై 24, గురువారం. 128/82

గడ్డ రిపోర్టు తీసుకోవడానికి పోయాం. ఇంగ్లీషులో ఉంది. కౌంటరు దగ్గరి అమ్మాయి డాక్టరమ్మను అడగమంది. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. రాసిన మనిషి ఎవరని అడిగాను. కింది అంతస్తులో, పరాశర్ సారు అంది.

ఆయన గది ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం క్యారియరు పట్టుకొని బయటికొచ్చాడు. బక్క మనిషి, నుదుట సన్నటి నామం.

"నా గడ్డను సూసింది నువ్వేనా సామీ?"

"ఏ గడ్డమ్మా?"

"కిడ్నీది. ఉసిరికాయంత."

ఆయన క్యారియరు కింద పెట్టేశాడు. "మీరేనా! రండి, రండి. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చూసిన రెండోది మీది." పెళ్లికూతుర్ని పిలిచినట్టు లోపలికి పిలిచాడు. నా గడ్డ అంటే ఇష్టపడిన మనిషి ఈయన ఒక్కడే.

ముక్కను మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు మీద అతికించి రంగు వేస్తారట. ఒక కన్ను మూసి గొట్టంలోకి చూడమన్నాడు. ఊదా రంగు నీళ్లలో నానిన సగ్గుబియ్యం లాగా ఉంది. గుండ్రటి గింజలు, మధ్యలో సన్నటి రక్తనాళాలు. ఒక్కో గింజలోనూ దుమ్ములాంటి చుక్కలు. అవే రెనిన్ అన్నాడు. పెద్ద మిషను ఉన్న ఊరికి పంపి తీయించిన ఫోటో కూడా చూపించాడు. చుక్కల లోపల కలకండ పలుకుల్లాంటి పలకలున్నాయి. ఆ పలకలు చూస్తే ఇక అనుమానమే లేదట.

"దీంట్లో కోపం యాడుండాది సామీ?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "కోపం కనబడదమ్మా."

"బాగా సూసినావా?"

"నాలుగు రోజులు చూశాను. రెనిన్ కనబడింది. కోపం మాత్రం ఇప్పటిదాకా ఎవరి ముక్కలోనూ చూడలేదు."

"అయితే కోపం లేదని దాంట్లో రాయి."

"అట్లా రాయకూడదు."

"ఏమిటికి రాయకూడదు? క్యాన్సరు లేదని రాసినావంట గదా. అది లేనిదే గదా, ఎట్ల రాసినావు?"

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు కాదు, పక్క డాక్టరుకు చెప్పినట్టు చెప్పాడు.

"క్యాన్సర్ కోసం వెతికామమ్మా. ఎక్కడెక్కడ వెతకాలో అన్ని చోట్లా వెతికి, దొరక్కపోతే అప్పుడు లేదని రాస్తాం. కోపం కోసం నేను వెతకలేదు. వెతికే పద్ధతి కూడా నాకు తెలీదు. వెతకని దాన్ని లేదని రాస్తే అది దొంగ రిపోర్టు అవుతుంది. నా ఉద్యోగం పోతుంది."

ఊరికే లేచి వచ్చేశాను. ఆయన మీద కూడా కోపం రాలేదు. వట్టి చేతులతో పోతున్నామనిపించింది.

బస్సు పూతలపట్టు దాటింది. ప్రసన్న కునుకు తీస్తోంది. ఆమె భుజం పట్టి ఊపాను.

"మే, ప్రసన్నా! దారిని ఎవరు ఎతికినారే?"

"ఏ దారి?"

"మన దారి. లేదని రాసినారు గదా. రాసినోడు తోపులోకి వచ్చి ఎతికినాడా?"

ఆమె కళ్లు నులుముకుంది. నా వైపు తిరిగింది.

"ఎవ్వురూ రాలేదత్తా," అంది.

ఆగస్టు 21. 130/82

రేపు కోర్టు. గిరి మాట్లాడడం లేదు. ఓనరు మళ్లీ పిలిపించాడట, ఏమన్నాడో చెప్పడు. ఆదిమూలం రిపోర్టు నకలు తీసి పెట్టుకున్నాడు. రేపు నేను గట్టిగా అరవగలనో లేదో.

ఆగస్టు 22, శుక్రవారం. చిత్తూరు నుంచి వచ్చాక 132/84

జడ్జి ఆడమనిషి. మునికృష్ణ తెల్లచొక్కా వేసుకొని ముందు బెంచీలో కూర్చున్నాడు. నన్ను చూసి చేతులెత్తి దండం పెట్టాడు. "ఎట్లుండాది ఆనందమ్మా ఒళ్లు? గడ్డ పోయిందంట గదా. మంచిదాయె," అన్నాడు. నిజంగా మంచిగానే అన్నాడు. అదే నాకు భయమేసింది.

వాళ్ల లాయరు కాగితం చదివాడు. "లేని దారి నిమిత్తము" దగ్గర నేను చెయ్యెత్తాను. ఆదిమూలం నా చెయ్యి కిందికి లాగాడు. మళ్లీ ఎత్తాను.

"ఏమ్మా, ఏం చెప్పాలి?" అంది జడ్జమ్మ.

కోపం కోసం చూసుకున్నాను. అప్పుడూ లేదు. మాట మాత్రం ఉంది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అరవడం లేదు.

"తాళం పీకింది నేనే తల్లీ. చెంప మీద కొట్టింది నేనే. ఆ పొద్దు నాకు బీపీ రెండొందల ఇరవై. ఈ పొద్దు నూట ముప్పై. ఈ పొద్దు జేసీబీ వచ్చినా తాళం పీకతా. మనిషిని మాత్రం కొట్టను, అది తప్పే. దాంట్లో మతిస్థిమితం లేదని రాసినారు. నాకు మతి ఉండాది. దారి లేదని రాసినారు. దారి గూడా ఉండాది."

వాళ్ల లాయరు లేచాడు. "రికార్డులో ఎక్కడా లేదు మేడమ్."

"పుస్తకంలో లేకుంటే నేల మీద లేనట్టానా సామీ? నేను గూడా ఏ పుస్తకంలోనూ సంతకం పెట్టలేదు. అందుకని నేను లేనా? తిరుపతిలో నా గడ్డను కోసి సూసిన సారు ఉండాడు. ఎతికినాకనే లేదని రాస్తాడంట. ఎతక్కుండా రాస్తే దొంగ రిపోర్టంట. నువ్వు తోపులో దిగి ఎతికినావా? ఎతికి లేదను. ముద్ర ఏసి పోతా."

 జడ్జమ్మ వాళ్ల లాయరును అడిగింది, సర్వే చేయించారా అని. ఆయన కాగితాలు తిరగేశాడు. తిరగేస్తూనే ఉన్నాడు.

తర్వాత ఆవిడ నాతో నిదానంగా చెప్పింది. దారి తగువు ఈ కోర్టు ముందు లేదట, దానికి సర్వే అర్జీ పెట్టుకోవాలట. తన ముందున్నది తాళం, చెంప. రాజీ వద్దని, చేసింది నేనేనని అంటే తప్పు ఒప్పుకున్నట్టేనని, శిక్ష పడుతుందని చెప్పి, సరేనా అని రెండుసార్లు అడిగింది. ఒప్పుకున్నాను. నేను చెప్పిన మాట మొత్తం రాయమని గుమస్తాకు చెప్పింది. రాశాక చదివి వినిపించమన్నాను. వినిపించాడు. "దారి ఉన్నది" అని ఉంది. వేలిముద్ర వేశాను.

శిక్ష ఏమిటంటే, సాయంత్రం కోర్టు లేచేవరకు అక్కడే కూర్చోవాలి. అంతే. వెనక బెంచీలో కూర్చున్నాను. అన్నం వేళకు ప్రసన్న పులిహోర పొట్లం తెచ్చింది. ఇక్కడ తినకూడదని బంట్రోతు అన్నాడు. వరండాలోకి పోనివ్వడానికి పోలీసాయన ఒప్పుకున్నాడు. ముద్దాయికి పులిహోర ఎందుకని ఆదిమూలం సగం తినేశాడు.

"గెలిచే రాజీ పోగొట్టినావు గదమ్మా," అన్నాడు నోట్లో పెట్టుకొని.

"నువ్వు ఎవరి లాయరప్పా?"

"నీ లాయర్నే. అందుకే రేపు సర్వే అర్జీ నేనే రాస్తా. రాసి రెండుసార్లు సదివి వినిపిస్తా, సరేనా?"

సెప్టెంబరు 2. 128/80

అర్జీ పెట్టాం. గిరిని బాయిలర్ నుంచి తీసి గేటు దగ్గర పెట్టారట. వాడు చెప్పలేదు. వరలక్ష్మమ్మ చెప్పింది.

సెప్టెంబరు 18, గురువారం

సర్వేయరు వచ్చాడు. మ్యాపులో నిజంగానే గీత లేదు. "ఏం చూపిస్తావమ్మా?" అన్నాడు.

"నన్ను అడగద్దు సామీ. చెట్లను కొలువు," అన్నాను. ఆ మొక్కలకు రెండు ఎండాకాలాలు కావిడితో నీళ్లు మోసింది నేను. ఎక్కడ ఎన్ని అడుగులు నడిచానో నా కాళ్లకు తెలుసు.

టేపు పట్టారు. వరసకూ వరసకూ ముప్పై అడుగులు. ముప్పై, ముప్పై, ముప్పై. దారి దగ్గర నలభై ఒకటి. సర్వేయరు మళ్లీ కొలిచాడు. తోపు ఈ చివర నుంచి బొందలగడ్డ అంచుదాకా నడుస్తూ పది చోట్ల కొలిచాడు. అన్ని చోట్లా నలభై, నలభై ఒకటి.

మునికృష్ణ మెల్లగా అన్నాడు. "అది ట్రాక్టరు తిరగడానికి మా నాయన వదిలినాడు."

"ట్రాక్టరు బొందలగడ్డలోకి ఎందుకు పోతాది సార్?" అన్నాడు సర్వేయరు, టేపు చుడుతూ. తగువు పెట్టుకోవాలని కాదు, తెలియకనే అడిగినట్టు అడిగాడు.

మునికృష్ణ చెట్ల వైపు చూశాడు. వాళ్ల నాయన చేతి చెట్లు. 

సర్వేయరు రాసింది ప్రసన్న రెండుసార్లు చదివింది. "తోట నడుమ పూర్వపు కాలిబాట ఆనవాలు కలదు." పై ఆఫీసులో ముద్ర పడాలి, నెలలు పట్టొచ్చు అన్నాడు. పట్టనీ.

సెప్టెంబరు 21, ఆదివారం

ప్రార్థన అయ్యాక పల్లెవాళ్లు పారలు తెచ్చి కందకం పూడ్చారు. గిరి గేటు డ్యూటీ యూనిఫారంలోనే వచ్చాడు.

"ఓనరు సూస్తే?" అన్నాను.

"సూడనీ. అడిగితే అమ్మకు బీపీ అని చెప్పను లే," అన్నాడు. మట్టి ఎత్తిపోస్తూ నా మొహం చూడకుండా అన్నాడు.

పూడ్చిన మట్టి మీద నేనే ముందు నడిచాను. కాళ్లు మడతపడలేదు. సుబ్బన్న గోరీ దగ్గరికి పోయాను. ఈస్టరుకు కొట్టాల్సిన సున్నం ఇప్పుడు కొట్టారు. మంచి మాట చెప్పుదామనే కూర్చున్నాను. దారి వచ్చిందని చెప్పాను. గడ్డ సంగతి చెప్పాను. చెబుతూ ఉంటే గుర్తొచ్చింది.

డీలరు దగ్గర ఆ రోజు నా చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చింది ఈయనే. "దానికి బీపీ లేప్పా, ఏమీ అనుకోవద్దు" అని డీలరుకు చెప్పింది ఈయనే. అందరికీ చెప్పేవాడు. ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. నా మాట ఏనాడూ కాదనలేదు. ఏనాడూ వినను కూడా లేదు.

వచ్చింది. కాళ్ల నుంచి పైకి వచ్చింది, పాతది, నాది.

"ఇరవై ఏండ్లు!" అని అరిచాను. "ఇరవై ఏండ్లు బీపీ బీపీ అంటివే, తూకం తక్కువుండాదని నేను చెప్తా ఉంటే ఒక్క తూరి, ఒక్క తూరన్నా తక్కెడ పక్క సూసినావా నువ్వు?"

కొమ్మల మీది కాకులు లేచాయి. పారలు ఆగాయి. పల్లె మొత్తం నా వైపు చూసింది. ఎవరూ నవ్వలేదు. తల తిరగలేదు, కళ్లకు చీకట్లు కమ్మలేదు. ఊపిరి పీల్చుకొని ఇంకా తిట్టాను. చాలాసేపు తిట్టాను.

ప్రసన్న సంచిలోంచి మిషను తీసింది. వద్దన్నాను. లోపల పెట్టేసింది. పక్కన కూర్చొని, "తూకం సంగతి సరే అత్తా, ఆయన ఇననివి ఇంకా ఏమేమి చెప్పినావు?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను.